పన్నెండు ముడుల బూటు

రండి, ఇలా దగ్గరికి జరగండి. కుంపటి నా వైపు ఉన్నా వేడి అందరికీ వస్తుంది. చేతిలో పని ఉన్నవాళ్ళు చేసుకుంటూనే వినండి. ఊరికే కూర్చుని విన్న కథ ఊరికే పోతుంది. ఇది మన ఎదిర్నెలో, తుంజా ఏటికి ఇవతల, జోళ్ళు కుట్టేవాళ్ళ బజారులో జరిగిన మాట. పాదుషా దండు ఏటా మన పచ్చికల మీద గుడారాలు వేసి ఉత్తరానికి కదిలే రోజులు అవి.

అప్పట్లో ఊరికి రెండే కాలాలు. గులాబీలు విచ్చే హిదిరెల్లెజ్ పండగ నుంచి చలి మొదలయ్యే కాసిం రోజు దాకా ఒకటి, కాసిం నుంచి మళ్ళీ హిదిరెల్లెజ్ దాకా ఒకటి. మంచు కరిగీ కరగకముందే ఊరు నిండిపోయేది. ప్రతి వసారాలోనూ ఎవడో ఒక సిపాయి, వాడి గుర్రం, వాడి దగ్గు. రొట్టెలవాళ్ళు రాత్రింబవళ్ళు దండుకి ఎండు రొట్టెలు కాలుస్తుంటే ఊళ్ళోవాళ్ళకి బార్లీ కలిపిన నల్ల రొట్టె మిగిలేది. ఏటికి నీళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు గుర్రాల తోకల మధ్య దారి వెతుక్కునేవాళ్ళు. అంతలో ఒక తెల్లవారి డోళ్ళు మోగేవి, దండు కదిలేది. మర్నాడు ఊరంతా పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా బోసిగా ఉండేది.

దండు వెంట పోయేది సిపాయిలు ఒక్కరే కాదు. రొట్టెలు కాల్చేవాళ్ళు, లాడాలు కొట్టేవాళ్ళు, గడ్డాలు గీసేవాళ్ళు, జోళ్ళు కుట్టేవాళ్ళు కూడా పోవాలి. ఒక్కో సంఘం తన మనిషినీ తన గుడారాన్నీ పంపాలి. ఎవరు వెళ్ళాలో తేల్చడానికి మనవాళ్ళు ఒక సంచిలో చిక్కుడు గింజలు వేసేవాళ్ళు. అన్నీ తెల్లవి, ఒకటి నల్లది. ఆ ఏడు నల్ల గింజ పనిలో ఆరితేరిన ఉస్తా స్తమాతి చేతికి వచ్చింది.

స్తమాతికి అరవై దాటాయి. మోకాళ్ళు వంగవు, వంగితే లేవవు. ఆ గింజను అరచేతిలో పెట్టుకుని చూస్తూ, "పోనీలే, ఇన్నాళ్ళూ బూట్లు పంపాను, ఈసారి నేనే పోతున్నాను" అన్నాడు. నవ్వుదామని అన్నాడు గాని నవ్వు రాలేదు. పక్క దుకాణం ఇల్యాస్ చెయ్యి చాపి ఆ గింజ తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

"ఏది గింజ? నాకేం కనపడలేదే" అన్నాడు నములుతూ.

"ఒరే ఎడంచెయ్యీ, ఉమ్మెయ్యి. నీ పెళ్ళాం కడుపుతో ఉంది."

"పచ్చి చిక్కుడు గింజ ఉమ్మకూడదు బాబాయ్, నోరు దురద పెడుతుంది."

ఇల్యాస్‌ను ఎడంచెయ్యి ఇల్యాస్ అనేవాళ్ళు. తోలు పొడిచే ఆరె ఎడమచేత్తో పట్టేవాడు. అందుకే అతని కుట్టు వాలు అందరి కుట్టుకూ అడ్డంగా, ఎదురుగాలికి వంగిన గడ్డిలా ఉండేది. సంఘం పెద్ద షాబాన్ ఆ కుట్టు చూసి మొదట్లో మొహం చిట్లించాడు గాని, అది వదులు కాదని తెలిశాక ఊరుకున్నాడు. ఇల్యాస్‌కి ఇంకో అలవాటు కూడా ఉండేది. కుట్టు ముగిశాక దారం కొసను తెంపెయ్యకుండా జానెడు వదిలి, లోపలి అట్ట కింద దాచి, ముడి వేసేవాడు. అది అతని గుర్తు. అంతవరకూ ఒకటే ముడి. భార్య రుకియె నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి మాత్రం కడుపు ఎన్నో నెలైతే అన్ని ముడులు వెయ్యడం మొదలుపెట్టాడు.

"నీ బిడ్డ పుట్టేసరికి సిపాయిలందరికీ అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి" అనేవాడు స్తమాతి.

"ఎక్కనీ. నడిచినప్పుడల్లా నాకు బిడ్డ పుడుతోందని తెలుస్తుంది."

అలా స్తమాతి బదులు, మూడు ముడుల నెలలో, ఇల్యాస్ దండు వెంట వెళ్ళాడు. వెళ్ళేముందు రుకియె తాను వడికి మైనం పట్టించిన దారం ఉండలు మూడు అతని సంచిలో పెట్టింది. అతని తల్లి దుర్దానె కొడుకు వెనకాల కుండెడు నీళ్ళు పారబోసింది, నీళ్ళలా పోయి నీళ్ళలా తిరిగి రమ్మని. ఇల్యాస్ మలుపు దగ్గర తిరిగి చూసి, "అమ్మా, బురద చేశావు, కోడలు జారిపడుతుంది, చూసుకో" అని అరిచి వెళ్ళిపోయాడు.

దండుకు పోయినవాడి దుకాణానికి మన బజారులో ఒక కట్టడి ఉండేది. మన దుకాణాలకి తలుపు రెండు రెక్కలు కదా. పై రెక్క ఎత్తితే నీడ, కింది రెక్క దించితే అరుగు. పోయినవాడి రెక్కలు కుడిపక్కవాడు పొద్దున్నే తెరవాలి, ఎడమపక్కవాడు సాయంత్రం మూయాలి. రెక్క తెరుచుకున్నంతకాలం ఆ చోటు అతనిదే. సంఘం పై రెక్క దించేసిందంటే అతని పేరు తుడిచేసినట్టే. చోటు కోసం ఎదురుచూస్తున్న పనివాడికి పచ్చిక మీద నడుముగుడ్డ కట్టి ఆ అరుగెక్కిస్తారు. కుడిపక్క దుకాణం స్తమాతిదే. మోకాళ్ళు పట్టుకుని, మూలిగి, తన తలుపుకంటే ముందు ఇల్యాస్ తలుపు తెరిచేవాడు. అరుగు ఊడ్చేవాడు. ఎవరైనా అడిగితే, "నల్ల గింజ అరుగుతోందిలే" అనేవాడు.

రుకియె వారానికోసారి దారం ఉండలు తీసుకుని స్తమాతి దుకాణానికి వచ్చేది. ఆ వంకతో తెరిచి ఉన్న తన భర్త అరుగును ఒకసారి చూసుకునేది. అది చూస్తే చాలు, ఆ వారమంతా అన్నం సయించేది. ఇంట్లో ఒక దారం కొక్కేనికి తగిలించి ఆమె కూడా నెలకో ముడి వేస్తోంది. ఏ ఊళ్ళో ఉన్నా ఆయన కూడా వేస్తూ ఉంటాడని ఆమె నమ్మకం.

ఏడో ముడి పడిన నెలలో చెడు కబురు వచ్చింది. తీసా నది దాటుతుండగా దండు దెబ్బతిన్నదట. వంతెన కూలి కొంతమంది ఇటు, కొంతమంది అటు, మిగిలినవాళ్ళు నీళ్ళలో. ఊళ్ళో వారం రోజులు ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఉత్తరాది నుంచి ఎద్దుబండ్ల మీద జనం రావడం మొదలైంది. మసీదు వసారాల్లో కొత్తవాళ్ళు, తుంజా గట్టున కొత్త పొయ్యిలు. ఆ గుంపులోనే ఎదిర్నె రొట్టెలవాడొకడు కుంటుకుంటూ జోళ్ళ బజారుకు వచ్చి, మడిచిన నీలం గుడ్డ ఒకటి షాబాన్ పెద్దాయన చేతిలో పెట్టాడు. ఒడ్డున రెల్లులో చిక్కుకుని ఉంటే తెచ్చానన్నాడు. అంచున ఎర్ర దారంతో వేసిన చిన్న అతుకు ఉంది. ఆ అతుకు రుకియె వేసిందే.

ఆ గుడ్డ మాట చెప్పాలి మీకు. ఉస్తా అయిననాడు సంఘం పెద్ద నడుముకి గుడ్డ కడతాడు. తన ఇంటి గడప లోపల తప్ప దాన్ని విప్పకూడదు. పరాయిచోట మనవాడి నడుముగుడ్డ విప్పేది ఒకే ఒక్క సందర్భంలో, వాడి శవానికి స్నానం చేయించేటప్పుడు. విప్పి, మడిచి, ఇంటికి పంపుతారు. నోటితో చెప్పలేని కబురు ఆ గుడ్డ చెబుతుంది. అందుకే షాబాన్ పెద్దాయన ఇంకేమీ అడగలేదు. బజారులో ఎవ్వరూ అడగలేదు. ఆ శుక్రవారం శవం లేని నమాజు చదివారు.

దుర్దానె పొయ్యి దగ్గర కూర్చుని పిండి వేయించి, ద్రాక్షపాకం పోసి, చనిపోయినవాళ్ళ కోసం చేసే హల్వా కలిపింది. కలుపుతూ ఏడ్చింది, ఏడుస్తూ కలిపింది. ఇరుగుపొరుగులకి పంచి, ఒక ముద్ద కోడలి ముందు పెట్టింది.

"తిను తల్లీ. తింటే వాడికి చేరుతుంది."

"నేను తినను అత్తమ్మా."

"నేను కన్నదాన్ని. నేను తిన్నాను."

"మీరు కన్నారు, మీ ఇష్టం. నేనింకా కనలేదు. కన్నాక అడగండి."

దుర్దానె కొంగుతో మొహం తుడుచుకుంది. కోడల్ని కసిరి ఎరగదు, ఆ పూట కూడా కసరలేదు. హల్వా పళ్ళెం మీద ఇంకో పళ్ళెం బోర్లించి గూట్లో పెట్టింది. నాలుగు రోజులకి చీమలు పట్టాయి. రుకియె తాకలేదు.

కాసిం రోజుకి రెండు రోజుల ముందు ఆడపిల్ల పుట్టింది. కమర్ అని పేరు పెట్టారు. మంత్రసాని బొడ్డు కోస్తుంటే రుకియె ఓపిక లేక కళ్ళు మూసుకునే చెప్పింది, "అత్తమ్మా, కొక్కెం మీద దారం తెచ్చి ఇవ్వండి. తొమ్మిది అయ్యాయి. కొంచెం ఎడం వదిలి, ఇకనించి పిల్ల నెలలు వేస్తాను." ఆ మాటకి దుర్దానె పొయ్యి వైపు తిరిగిపోయింది.

శీతాకాలమంతా స్తమాతి రెక్క తెరుస్తూనే ఉన్నాడు. షాబాన్ పెద్దాయన రెండుసార్లు మెత్తగా చెప్పి, మూడోసారి దుకాణం ముందు నిలబడ్డాడు.

"స్తమాతీ, మసీదులో నమాజు అయింది. ఇంకా ఆ రెక్క ఎత్తుతావేంటి?"

"నమాజు మీది పెద్దాయనా. మా చర్చిలో ఏం చదవలేదు. నాకింకా తెలీదు."

"ఎగతాళి కాదు. సాలిహ్ తొమ్మిదేళ్ళ నుంచి చోటు కోసం చూస్తున్నాడు. పెళ్ళి ఆగిపోయింది వాడికి. హిదిరెల్లెజ్‌నాడు పచ్చిక మీద వాడి నడుముకి గుడ్డ కట్టి ఆ అరుగెక్కిస్తాను. అది న్యాయం."

"న్యాయమే" అన్నాడు స్తమాతి. "హిదిరెల్లెజ్ దాకా ఎత్తనివ్వు. ఆ గింజ నాది. వాడు మింగాడు."

షాబాన్ మీసం కొరుక్కుంటూ వెళ్ళిపోయాడు. చెడ్డవాడు కాదు. ఇన్నేళ్ళ పెద్దరికంలో అతను అందుకున్న మడిచిన గుడ్డలు ఏడు.

ఆ కబురు రుకియెకి చేరింది. రెక్క దిగిపోతే ఇంక ఆయన కోసం తెరిచి ఉన్న చోటు లోకంలో ఒక్కటీ ఉండదు. ఆమెకి అన్నానికి భయం లేదు, దారం వడికితే రెండు పొట్టలూ ఒక ఊయలా గడుస్తాయి. ఊరంతా లేడన్న మనిషిని తానొక్కతే ఉన్నాడంటూ ఎన్నాళ్ళు మొయ్యగలదు, అదీ ఆమె భయం. పిల్ల నిద్రపోయాక కొక్కెం వైపు చూసి, ఈ నెల ముడి వెయ్యనా, మాననా అని ఆలోచించేది. ఆలోచించి వేసేది.

హిదిరెల్లెజ్ ఇంకా వారం ఉందనగా, దండు మళ్ళీ పోగవుతోంది, బజారు మళ్ళీ గుర్రాల వాసన కొడుతోంది. రుకియె పిల్లను వీపుకి కట్టుకుని దారం ఇవ్వడానికి వచ్చింది. స్తమాతి ముందు ఒక సిపాయి ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. బోస్నియావాడు, పేరు రమీజ్. విప్పిన బూటు స్తమాతి చేతిలో ఉంది.

"మడమ ఒక్కటి కొట్టు తాతా, చాలు. బూటు చూడమంటే చెయ్యి చూసినట్టు చూస్తావేంటి? నాకెంతమంది పిల్లలో అందులో రాసుందా?"

స్తమాతి బూటు పక్కకు తిప్పి, వెలుతురుకి పట్టుకుని, బొటనవేలితో కుట్టు తడిమాడు. తర్వాత రుకియె వైపు చాపాడు.

"తల్లీ, నా కళ్ళు ముసలివి. నువ్వు చూడు."

అడుగు అట్ట చుట్టూ కొత్తగా వేసిన కుట్టు. దారం రుకియెది కాదు, మోటు జనపదారం, మైనం కూడా సరిగ్గా పట్టలేదు. కాని కుట్టు వాలు మాత్రం ఎదురుగాలికి వంగిన గడ్డి.

రుకియె చెయ్యి చాపి అరుగు పట్టుకుంది. తెరిచి ఉన్న ఇల్యాస్ అరుగే అది.

"అన్నా" అంది సిపాయితో, "ఈ బూటు ఎవరు బాగుచేశారు?"

"అవతలివాళ్ళ కోటలో. వంతెన దగ్గర పట్టుకుపోయారు నన్ను, చలికాలమంతా అక్కడే ఉన్నాను. ఖైదీల మార్పిడిలో వదిలారు. అక్కడ ఖైదీల్లో ఒకడు బూట్లు కుట్టేవాడు."

"ఎలా ఉంటాడు?"

"ఎలా ఉంటాడమ్మా, ఖైదీలా ఉంటాడు. గడ్డం, ఎముకలు. గుంపు వేరు, కొట్టు వేరు, మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. బూటు కిటికీలోంచి వేస్తే కిటికీలోంచి వచ్చేది." కొంచెం ఆగి అన్నాడు, "ఎడమచెయ్యి వాటం. చెయ్యి చాపి తీసుకునేటప్పుడు చూశాను."

స్తమాతి ఆరె మొనతో లోపలి అట్ట ఎత్తాడు. కింద జానెడు దారం చుట్టి పెట్టి ఉంది. మెల్లగా బయటికి లాగాడు. రుకియె దాన్ని తన వేళ్ళ మీదికి తీసుకుంది. ఒకటి, రెండు, మూడు. పెదాలు కదులుతున్నాయి. తొమ్మిది. తర్వాత కొంచెం ఎడం. తర్వాత ఒకటి, రెండు, మూడు.

వీపు మీద పిల్ల ఆమె జుట్టు పట్టుకుని గుంజుతోంది. వంతెన కూలిన నెలకి ఏడు ముడులు. పన్నెండు అంటే వంతెన తర్వాత అయిదు నెలలు. ఆడో మగో తెలీదు, బతికిందో లేదో తెలీదు, అయినా ఆ చీకటి కొట్లో కూర్చుని బిడ్డకి మూడో నెల నిండిందని దారానికి చెప్పాడు ఆ మనిషి. కొంచెం ఎడం వదలాలన్న మాట కూడా ఇద్దరూ అనుకున్నది కాదు.

"బాబాయ్" అంది రుకియె. ఆపైన ఏడ్చింది. ఏడు నెలలుగా ఒక్క చుక్క రాల్చని మనిషి, నడి బజారులో, దారం మొహానికి అద్దుకుని ఏడ్చింది. స్తమాతి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, చేతికి మసి ఉందని గుర్తొచ్చి, మోచేత్తో ఆనించాడు. రమీజ్ ఒంటికాలి మీద అటూ ఇటూ ఊగుతూ, "నాకు మడమ కొడతారా, కొట్టరా?" అన్నాడు గాని గట్టిగా అనలేదు.

బూటు వదలడానికి లేదు. దండు కదిలేలోగా సిపాయికి వేరే జత కావాలి. రుకియె ఇంటికి పరిగెత్తి అత్తగారికి ఉన్న మాట చెప్పింది. దుర్దానె ఆ దారం తీసుకుని, కొక్కెం మీది దారం పక్కన పెట్టి, ముడులు తడిమి చూసింది. కొక్కెం మీద తొమ్మిది, ఎడం, ఆరు. బూటులో తొమ్మిది, ఎడం, మూడు. ఆమె వంగి మంచం కిందనుంచి ఒక మూట లాగింది. కొడుకు పెళ్ళికి కుట్టుకున్న పసుపు తోలు బూట్లు. ఆ చలికాలంలో ఎంత కష్టమొచ్చినా వాటిని అమ్మనివ్వలేదు ఆమె.

"వాడికివ్వు. నా కొడుకు వచ్చాక కొత్తవి కుట్టుకుంటాడు, చేతులున్నాయిగా." గుమ్మం దాకా వచ్చి, "ఆ హల్వా నువ్వు తినకపోవడమే మంచిదైంది" అంది.

హిదిరెల్లెజ్‌నాడు తుంజా పచ్చిక మీద సంఘమంతా చేరింది. గొర్రెలు కాలుతున్నాయి, ఆడవాళ్ళు చెట్ల కింద ఒకవైపు, మగవాళ్ళు వలయంగా ఒకవైపు. సాలిహ్ కొత్త చొక్కా తొడుక్కుని మధ్యలో నిలబడ్డాడు. షాబాన్ పెద్దాయన కొత్త నీలం గుడ్డ విప్పి నోట్లో దువా అనుకుంటున్నాడు. అప్పుడు స్తమాతి మోకాళ్ళు పట్టుకుని లేచి, వలయంలోకి నడిచి, ఆ గుడ్డ మీద పాత బూటు పెట్టాడు.

"ఇదేంటి, పండగపూట?"

"చదువు పెద్దాయనా. నీకూ నాకూ అక్షరాలు రావు గాని ఇది వస్తుంది."

షాబాన్ కుట్టు చూశాడు. ముప్పై ఏళ్ళుగా బజారులో కుట్లు చూసిన కళ్ళు అవి, ఒక్క చూపు చాలింది. దారం లాగి ముడులు ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ లెక్కపెట్టాడు. ఆ ముడుల సంగతి సంఘంలో తెలియనిదెవరికి? అందరూ నవ్వినవాళ్ళే. షాబాన్ చెట్ల వైపు తిరిగి గొంతెత్తాడు.

"అమ్మా రుకియె, నీ పిల్ల పుట్టింది ఎప్పుడు?"

"కాసిం‌కి రెండు రోజుల ముందు, పెద్దాయనా."

అతను మళ్ళీ ముడులు తడిమాడు. పిల్ల పుట్టేనాటికే ఇల్యాస్‌కి నమాజు చదివి నలభై రోజులు, ఎడం తర్వాతి మూడు ముడులూ ఆ పైన వేసినవి.

"నడుముగుడ్డ వచ్చిందంటే మనిషి పోయాడని మా తాత చెప్పాడు. నేనూ ఇంకేం అడగలేదు" అన్నాడు నెమ్మదిగా. "ఆ రొట్టెలవాణ్ణి కూర్చోబెట్టి అడగాల్సింది, శవం మీదనుంచి తీశావా, రెల్లులోంచి తీశావా అని. వాడు రెల్లులో అనే చెప్పాడు. నేనే వినలేదు."

సాలిహ్ చేతులు జారేశాడు. మొహంలో రక్తం లేదు, తొమ్మిదేళ్ళ ఎదురుచూపు మరి. అయినా అతనే ముందు మాట్లాడాడు. "బతికున్నవాడి అరుగు నేనెక్కను పెద్దాయనా. ఎక్కినా కూర్చోలేను."

"నువ్వు నా దుకాణంలో కూర్చో" అన్నాడు స్తమాతి. "నా మోకాళ్ళు అరుగు దిగనంటున్నాయి, దింపి నువ్వెక్కు. నేను మూలన కూర్చుని నీకు తప్పులు చూపిస్తాను. పొద్దున పక్క రెక్క కూడా నువ్వే ఎత్తాలి, అది కట్టడి."

షాబాన్ ఆ నీలం గుడ్డ సాలిహ్ నడుముకి కట్టాడు. ఇల్యాస్ దుకాణం రెక్క దిగలేదు.

తర్వాత? తర్వాత చాలా కాలం ఎదురుచూడటమే. ఆ కోటకి రెండుసార్లు కబురంపారు, జవాబు లేదు. పాదుషాలకి కోపం వస్తే ఒక వసంతంలో వస్తుంది, తగ్గడానికి పదిహేనేళ్ళు పడుతుంది. చివరికి ఎక్కడో ఒక గుడారంలో రాజీ కాగితాలు రాసుకున్నారు. కమర్‌కి రెండేళ్ళు నిండవస్తున్నాయి. అప్పటికి సాలిహ్‌కి పెళ్ళయింది. రుకియె దారం ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా పిల్లని ఇల్యాస్ అరుగు మీద కూర్చోబెట్టేది. కమర్ తోలుముక్కలు పేర్చుకుంటూ, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ "మా నాన్న దుకాణం" అని చెప్పేది. ముక్కు కారుతూ.

ఆ శరత్తులో, సీమదానిమ్మ కాయలు పండి వీధంతా తియ్యటి వాసన వేస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఒక మనిషి వచ్చి ఆ అరుగు ముందు నిలబడ్డాడు. గడ్డం నెరిసింది. రెండు బూట్లు రెండు రకాలు.

"ఇది ఎవరి దుకాణం?" అన్నాడు పిల్లతో.

"మా నాన్నది."

"మీ నాన్న ఎక్కడ?"

"బూట్లు కుడుతున్నాడు."

ఆ మనిషి కింద కూలబడ్డాడు. మూలనుంచి స్తమాతి కళ్ళు చికిలించి చూసి, చాలాసేపు చూసి, "ఒరే, ఉమ్మెయ్యమన్నానా లేదా?" అన్నాడు.

ఇంట్లో దుర్దానె కొడుకు మొహం రెండు చేతుల్లోకి తీసుకుని తడిమి తడిమి చూసింది. "నీ హల్వా తిన్నానురా నేను. పాకం తక్కువైంది" అంది. "బాగా కుదిరితే ఇంకోసారి చేస్తావని భయమేసింది అమ్మా, అందుకే వచ్చేశాను" అన్నాడు ఇల్యాస్. నడుముగుడ్డ సంగతి ఆ సాయంత్రం షాబాన్ పెద్దాయనే వచ్చి అడిగాడు. ఈసారి కూర్చుని అడిగాడు. వంతెన విరిగినప్పుడు నీళ్ళలో ఒకడు మునుగుతుంటే గుడ్డ విప్పి ఒక కొస విసిరానని, వాడు ఒడ్డెక్కాడని, గుడ్డ మాత్రం ఏరు లాక్కుపోయిందని చెప్పాడు ఇల్యాస్. "తప్పే పెద్దాయనా, గడప బయట విప్పాను." షాబాన్ తన సంచిలోంచి ఎర్ర అతుకు గుడ్డ తీసి మళ్ళీ అతని నడుముకి కట్టాడు.

అందరూ వెళ్ళాక ఇల్యాస్ గంజి తాగుతుంటే రుకియె అతని చొక్కా లోపల దాచుకున్న దారం తీసింది. మాసి, నల్లబడి, తాడులా ఉంది. దీపం దగ్గరికి జరిగి లెక్కపెట్టింది. తొమ్మిది, ఎడం, తర్వాత ఇరవై.

"మూడు తక్కువున్నాయి" అంది.

"జ్వరంలో పడున్నాను" అన్నాడు అతను, తప్పు చేసినవాడిలా. "ఎన్నాళ్ళో తెలీలేదు. లేచాక ఊహించి వెయ్యబుద్ధి కాలేదు."

కమర్ అప్పటికే తండ్రి మోకాలి మీద తలపెట్టి నిద్రపోయింది. రుకియె దారం కొస నాలికతో తడిపి, మూడు ముడులు వేసింది. ఒకటి వేసి అతని వైపు చూసింది, రెండోది వేసి పిల్ల వైపు చూసింది, మూడోది వేసి బిగించింది. దాన్ని కొక్కెం మీద తన దారం పక్కన తగిలించింది. రెండూ సమానంగా వేలాడాయి.

ఇదీ కథ. ఇకమీద మీరు బజారులో పోతూ మనిషి లేని దుకాణం తెరిచి ఉండటం చూస్తే, ఎవరిది అని అడగండి, నిలబడి జవాబు వినండి. ఈ కథ గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకి చెప్పేటప్పుడు ముడుల లెక్క మాత్రం తప్పకండి, బూటులో పన్నెండు. ఇల్యాస్ పేరు ఎలాగూ చెబుతారు. స్తమాతి మోకాళ్ళని మర్చిపోకుండా చెప్పండి.